సర్వర్‌లో లాగిన్ పాస్‌వర్డ్‌లు ఎలా దాచాలి? నెల్లూరు, ఒంగోలు సైట్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు, చీమకుర్తి వైపు ఇప్పుడు లాగిన్ పేజీ లేని వ్యాపారం తక్కువ. రొయ్యల మేత డీలరుకు రైతుల ఖాతాలు చూపించే పోర్టల్ ఉంటుంది. గ్రానైట్ ఫ్యాక్టరీకి ఆర్డర్ల పేజీ, జూనియర్ కాలేజీకి మార్కుల పేజీ ఉంటాయి. వీటిలో చాలావాటిని ఒకరిద్దరు కుర్రాళ్లు తయారుచేసి ఇచ్చి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వాటి లోపల ఏముందో ఎవరూ చూడరు. ఇలాంటి సైట్లకు సర్వర్ పనులు చేసేటప్పుడు యజమానులూ డెవలపర్లూ నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్క విషయం: మీ యూజర్ పాస్‌వర్డ్ ఏమిటో మీ సర్వర్‌కు కూడా తెలియకూడదు.

"పాస్‌వర్డ్‌లన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే దాచాం సార్. అది చాలదా?"

చాలదు. ఎన్‌క్రిప్ట్ చేసినదాన్ని కీ ఉన్నవాళ్లెవరైనా విప్పుకోవచ్చు. ఆ కీ లాగిన్ ప్రోగ్రామ్‌కు అందాలి కాబట్టి అదే సర్వర్‌లో, చాలాసార్లు డేటాబేస్ వివరాలున్న కాన్ఫిగ్ ఫైల్లోనే ఉంటుంది. డేటాబేస్ దాకా వచ్చినవాడికి ఆ ఫైలు దొరకడం పెద్ద పని కాదు. కీ దొరికిందంటే అందరి పాస్‌వర్డ్‌లూ ఒకేసారి బయటపడతాయి.

లాగిన్ పాస్‌వర్డ్‌లకు కావలసింది హ్యాషింగ్. మిల్లులో ఆడించిన బియ్యాన్ని తిరిగి వడ్లు చెయ్యలేనట్టే, హ్యాష్ నుంచి పాస్‌వర్డ్‌ను వెనక్కి తీసే దారి ఉండదు. యూజర్ మళ్లీ లాగిన్ అయినప్పుడు అతను కొట్టినదాన్ని అదే పద్ధతిలో హ్యాష్ చేసి, దాచి ఉంచిన హ్యాష్‌తో పోల్చి చూస్తాం. రెండూ ఒకటైతే లోపలికి పంపిస్తాం. అసలు పాస్‌వర్డ్‌ను ఎక్కడా రాసిపెట్టుకోవాల్సిన పనే లేదు.

ఎన్‌క్రిప్షన్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో 2013లో అడోబీ సంస్థ వ్యవహారంలో ప్రపంచమంతా చూసింది. 15 కోట్లకు పైగా రికార్డులు బయటికొచ్చాయి. వాళ్లు హ్యాష్ చెయ్యలేదు, ట్రిపుల్ డెస్ అనే పద్ధతిలో అందరికీ ఒకే కీతో ఎన్‌క్రిప్ట్ చేశారు. దాంతో ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న లక్షలమందికి డేటాబేస్‌లో ఒకే రాత కనిపించింది. పక్కనే యూజర్లు రాసుకున్న గుర్తు మాటలు మామూలు అక్షరాల్లోనే ఉన్నాయి. ఒకే రాత ఉన్న పదిమంది గుర్తు మాటలు కలిపి చదివితే పాస్‌వర్డ్ ఏమిటో తెలిసిపోయేది. కీ అవసరం కూడా పడలేదు.

ఒక చోట మాత్రం ఎన్‌క్రిప్షనే సరైనది. మీ సర్వర్ మరో సర్వీసులోకి లాగిన్ కావాల్సి వస్తే, ఉదాహరణకు ఎస్ఎంఎస్ గేట్‌వేకో మెయిల్ సర్వర్‌కో, ఆ పాస్‌వర్డ్ అసలు రూపంలో అవసరం. దాన్ని హ్యాష్ చేస్తే పని జరగదు. మీ సైట్‌లోకి వచ్చే మనుషుల పాస్‌వర్డ్‌ల సంగతి వేరు.

"మాది రొయ్యల మేత డీలర్‌షిప్ అన్నా. మా సైట్ ఎవడికి కావాలి?"

మీ సైట్‌ను ఎవరూ ప్రత్యేకంగా ఎంచుకోరు. ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి సర్వర్‌నూ రాత్రింబవళ్లు తట్టి చూసే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. పాత ప్లగిన్ ఒకటి దొరికితే అవి లోపలికి వస్తాయి. అది అల్లూరులో మేత అమ్మే సైటా, అమెరికాలో బ్యాంకా అని చూడవు.

వాళ్లకు మీ స్టాక్ లెక్కలు అక్కర్లేదు. మీ దగ్గరున్న రైతుల ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు కావాలి. మీ సైట్‌లో పెట్టిన పాస్‌వర్డే ఆ రైతు జీమెయిల్‌కూ ఫేస్‌బుక్‌కూ పెట్టుకుని ఉంటాడు. జీమెయిల్ చేతికి చిక్కితే మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకోవడం నిమిషాల పని. మీ సైట్ చిన్నదే కావచ్చు, దానివల్ల ఆ రైతుకు పడే దెబ్బ చిన్నది కాదు. నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల రావడానికి కారణం అదే.

"ఎండీ5తో హ్యాష్ చేశాం. అది వెనక్కి రాదు కదా?"

రాదు. దొంగ దాన్ని వెనక్కి తేవాలని చూడడు, ఊహించి చూస్తాడు. ఒక మాట అనుకుని, దాన్ని ఎండీ5 చేసి, మీ డేటాబేస్‌లో అలాంటిది ఉందేమో వెతుకుతాడు. లేకపోతే ఇంకో మాట. కాబట్టి అసలు విషయం సెకనుకు ఎన్ని ఊహలు వెయ్యగలడన్నది.

ఎండీ5ను రొనాల్డ్ రివెస్ట్ 1991లో రూపొందించాడు. సందేశాలు మారాయా లేదా అని చకచకా సరిచూడటం దాని పని. ఆ వేగమే పాస్‌వర్డ్‌ల దగ్గర కొంప ముంచుతుంది. ఆటలాడుకోవడానికి కొనే ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి హ్యాష్‌క్యాట్ అనే ప్రోగ్రామ్‌తో సెకనుకు దాదాపు 16,400 కోట్ల ఎండీ5 ఊహలు వేస్తుంది. అదే కార్డు, కావాలనే నెమ్మదిగా నడిచేలా చేసిన బీక్రిప్ట్ హ్యాష్‌ల మీద, కాస్ట్ (ఒక్కో హ్యాష్‌కు ఎంత పని చెయ్యాలో చెప్పే అంకె) 5 దగ్గర, సెకనుకు 1.84 లక్షల ఊహలే వెయ్యగలదు. కాస్ట్ ఒకటి పెంచినప్పుడల్లా పని రెట్టింపవుతుంది కాబట్టి కాస్ట్ 12 దగ్గర అది 1,400 చిల్లరకు పడిపోతుంది.

ఈ అంకెలకు అర్థం ఏమిటో మన అలవాటుతోనే చెప్తాను. చాలామంది సొంత మొబైల్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటారు. మన నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పది అంకెలు, అంటే మొత్తం 400 కోట్లకు మించవు. ఎండీ5 అయితే అన్నిటినీ చూసెయ్యడానికి సెకనులో పదోవంతు కూడా పట్టదు. బీక్రిప్ట్ కాస్ట్ 12 అయితే ఒక్క మనిషి హ్యాష్ కోసం నెల రోజులు కార్డు తిరగాలి. ఇంకో మనిషికి మళ్లీ నెల.

షా-1, షా-256 అనే హ్యాష్ పద్ధతులు వేసినా ఇబ్బంది ఇదే. అవీ వేగం కోసం చేసినవే. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి సాల్ట్ (దీని గురించి కిందే చెప్తాను) లేని షా-1 హ్యాష్‌లు 65 లక్షలు బయటపడ్డాయి. అసలు పోయింది 11.7 కోట్ల మందివని 2016లో తేలింది.

సాల్ట్ అంటే ఏమిటి? దాన్ని ఎక్కడ దాచాలి?

ప్రతి యూజర్‌కూ విడిగా పుట్టించే యాదృచ్ఛికమైన చిన్న తునక. దాన్ని పాస్‌వర్డ్‌కు కలిపి హ్యాష్ చేస్తాం. దాంతో ఒకే పాస్‌వర్డ్ ఉన్న ఇద్దరికి హ్యాష్‌లు వేరుగా వస్తాయి. ముందే లెక్కకట్టి పెట్టుకున్న పట్టికలు దొంగకు పనికిరావు. అందరి మీదా ఒకేసారి ఊహలు వెయ్యడం కుదరదు, ఒక్కొక్కరి మీదా విడిగా మొదలుపెట్టాలి.

ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యూనిక్స్ పాస్‌వర్డ్‌ల గురించి 1979లో రాసిన పత్రంలోనే ఉంది. అప్పుడు సాల్ట్ 12 బిట్లు, ఇప్పుడు బీక్రిప్ట్‌లో 128 బిట్లు.

సాల్ట్ రహస్యం కాదు. హ్యాష్ పక్కనే, అదే గడిలో ఉంటుంది. ఇప్పటి లైబ్రరీలు సాల్ట్‌ను తామే పుట్టించి, హ్యాష్‌తో కలిపి ఒకే అక్షరాల వరుసగా ఇస్తాయి. కాబట్టి సొంతంగా సాల్ట్ తయారుచెయ్యొద్దు. యూజర్ ఐడీనో కంపెనీ పేరునో సాల్ట్‌గా వాడిన కోడ్ మన వైపు ఇంకా కనిపిస్తూనే ఉంది. అందరికీ ఒకే సాల్ట్ వాడితే చాలావరకు లేనట్టే.

మరి ఏది వాడాలి?

కొత్త సైట్ అయితే ఆర్గాన్2ఐడీ. అది కుదరని చోట బీక్రిప్ట్. ఈ రెండిట్లో ఏది తీసుకున్నా మీరు తప్పు చేసినట్టు కాదు.

బీక్రిప్ట్‌ను నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మజియేర్ 1999లో ప్రకటించారు. కంప్యూటర్లు వేగం పుంజుకునే కొద్దీ కాస్ట్ పెంచుకుంటూ పోయే వీలు దానిలోనే ఉంది. అందుకే ఇప్పటికీ నిలబడింది. గ్రాఫిక్స్ కార్డుల దాడికి ఇంకా గట్టి జవాబు కావాలంటే ప్రతి ఊహకూ మెమరీ కూడా ఎక్కువ ఖర్చయ్యేలా చెయ్యాలి. కోలిన్ పెర్సివల్ 2009లో తెచ్చిన ఎస్‌క్రిప్ట్ ఆ దారిలోదే. 2013లో మొదలైన పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో 2015లో ఆర్గాన్2 గెలిచింది. దాన్ని చేసింది లక్సెంబర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన బిర్యుకోవ్, డిను, ఖోవ్రతోవిచ్. 2021లో ఆర్ఎఫ్‌సీ 9106 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది.

పీబీకేడీఎఫ్2 అనే పద్ధతి పాతదే అయినా, పైథాన్‌లో సైట్లు కట్టే జాంగో ఇప్పటికీ మొదట దాన్నే వాడుతుంది. షా-256తో అయితే కనీసం 6 లక్షల చుట్లు వెయ్యాలని వెబ్ భద్రత సంస్థ ఓవాస్ప్ సూచన. జాంగోను కొత్త వెర్షన్‌కు మారుస్తూ ఉంటే చుట్ల సంఖ్య దానంతటదే పెరుగుతుంది.

సొంతంగా పద్ధతి కనిపెట్టొద్దు. ఎండీ5 మీద షా-1, దాన్ని తిరగేసి మళ్లీ ఎండీ5 లాంటివి చూడటానికి గొప్పగా ఉంటాయి. కోడ్ కూడా డేటాబేస్‌తోపాటే దొంగ చేతికి వెళ్తుంది, అప్పుడు ఆ మూడు హ్యాష్‌లూ కలిపి కార్డుకు ఒక లెక్కే కాదు.

కాస్ట్ ఎంత పెట్టాలి? మా వీపీఎస్‌కు (అద్దె సర్వర్‌కు) 1 జీబీ ర్యామే ఉంది.

మీ సర్వర్ మీదే కొలిచి పెట్టండి. ఒక లాగిన్‌కు పావు సెకను దాకా పడితే యూజర్‌కు తెలియదు, దొంగకు మాత్రం భారమవుతుంది. బీక్రిప్ట్ అయితే 10 కన్నా తగ్గొద్దు, సర్వర్ తట్టుకుంటే 12 పెట్టండి.

ఆర్గాన్2ఐడీకి ఓవాస్ప్ చెప్పే ఒక కనీస అమరిక 19 మెబీబైట్ల మెమరీ, రెండు చుట్లు, ఒక థ్రెడ్. ఇక్కడ ర్యామ్ లెక్క వెయ్యాలి. ఒకేసారి 20 మంది లాగిన్ అయితే 380 మెబీబైట్లు. 50 మంది అయితే 950, అంటే 1 జీబీ సర్వర్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మామూలు రోజుల్లో డీలర్ సైట్‌కు అంతమంది రారు. కాలేజీ వాళ్లు పొద్దున 10 గంటలకు మార్కులు పెడతామని వాట్సాప్ గ్రూపులో చెప్తే 10 గంటల ఒక్క నిమిషానికి వందలమంది పిల్లలు వస్తారు. అలాంటి చోట చిన్న సర్వర్ ఉంటే బీక్రిప్ట్ మేలు, దానికి మెమరీ ఏమంత పట్టదు. ఒకేసారి నడిచే లాగిన్‌లకు పరిమితి పెట్టి మిగతావాటిని క్యూలో ఉంచండి. సైట్ నెమ్మదించిందని కాస్ట్ 4కు దించేసిన వాళ్లను చూశాను. అలా చెయ్యకండి. ఒకసారి లాగిన్ అయ్యాక సెషన్ నడుస్తుంది కాబట్టి ఆ ఖర్చు రోజుకు ఒక్కసారే.

పీహెచ్‌పీలో ఏ ఫంక్షన్ వాడాలి?

2013లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచీ పాస్‌వర్డ్ హ్యాష్, పాస్‌వర్డ్ వెరిఫై అనే రెండు ఫంక్షన్లు భాషలోనే ఉన్నాయి. అవి చాలు. డిఫాల్ట్ బీక్రిప్ట్. కాస్ట్ చాలాకాలం 10గా ఉండి 8.4 వెర్షన్‌తో 12 అయింది.

డేటాబేస్ గడి పొడవు మాత్రం చూసుకోండి. ఎండీ5 కోసం 32 అక్షరాల గడి పెట్టిన పాత టేబుల్‌లో 60 అక్షరాల బీక్రిప్ట్ హ్యాష్ పట్టదు. స్ట్రిక్ట్ మోడ్ లేని మైఎస్‌క్యూఎల్ తోకను చప్పుడు లేకుండా కోసేస్తుంది. ఆ తర్వాత సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఎవరూ లోపలికి రాలేరు, కారణం తెలియక రోజంతా టెన్షన్. గడిని 255 పెట్టండి.

"మాకు పెద్ద లాగిన్ సిస్టమ్ లేదు. అపాచీ వెబ్ సర్వర్‌లో ఒక ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ పెట్టుకున్నాం, అంతే."

గ్రానైట్ ఫ్యాక్టరీల ధరల పట్టికలు, ఆడిటర్లకు చూపించే ఫైళ్లు ఇలాగే ఉంటాయి. పద్ధతి మంచిదే, కొన్ని జాగ్రత్తలు కావాలి.

ఆ పాస్‌వర్డ్ ఫైలు తయారుచేసే హెచ్‌టీపాస్‌వర్డ్ (htpasswd) టూల్‌కు ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఎండీ5ను వెయ్యి చుట్లు తిప్పే అపాచీ సొంత పద్ధతి వాడుతుంది. ఒకప్పుడు అది చాలు, ఇప్పుడు చాలదు. క్యాపిటల్ బి ఆప్షన్ ఇస్తే బీక్రిప్ట్ వస్తుంది. అప్పుడు కూడా కాస్ట్ 5 మాత్రమే. క్యాపిటల్ సి ఆప్షన్‌తో 10 పెట్టండి. చిన్న ఎస్ ఆప్షన్ జోలికి పోవద్దు, అది సాల్ట్ లేని షా-1. చిన్న బి ఆప్షన్‌తో పాస్‌వర్డ్‌ను కమాండ్ లైన్‌లోనే రాస్తే అది షెల్ హిస్టరీలో మిగిలిపోతుంది. చిన్న సి ఆప్షన్ కొత్త ఫైలు సృష్టిస్తుంది. ఉన్న ఫైలు మీద అది వాడితే పాత యూజర్లందరూ పోతారు.

కాస్ట్ ఇక్కడ 12 అనకుండా 10 అన్నానంటే కారణం ఉంది. ఇలా ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ పెట్టే పద్ధతిలో, అంటే బేసిక్ అథెంటికేషన్‌లో, బ్రౌజర్ ప్రతి రిక్వెస్టుతోనూ పాస్‌వర్డ్ పంపుతుంది, అపాచీ ప్రతిసారీ సరిచూస్తుంది. పేజీలో 40 గ్రానైట్ పలకల ఫోటోలు ఉంటే 41 సార్లు బీక్రిప్ట్ నడుస్తుంది. సరిచూసిన ఫలితాన్ని కాసేపు గుర్తుంచుకునే సోక్యాష్ మాడ్యూల్ అపాచీలో ఉంది, దాన్ని ఆన్ చేసుకోండి.

పాస్‌వర్డ్ ఫైలును వెబ్ ఫోల్డర్ బయట పెట్టండి. చుక్క, హెచ్‌టీతో మొదలయ్యే ఫైళ్లను అపాచీ మామూలుగా బయటికి ఇవ్వదు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్‌కు ఆ నియమం తనంతట ఉండదు. అపాచీ నుంచి ఎన్‌జిన్‌ఎక్స్‌కు మారి పాత ఫోల్డర్ అలాగే ఉంచితే పాస్‌వర్డ్ ఫైలును ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో బీక్రిప్ట్ పనిచేస్తుందా లేదా అన్నది ఆపరేటింగ్ సిస్టమ్ క్రిప్ట్ లైబ్రరీ మీద ఆధారపడుతుంది. మారేముందు ఒక టెస్ట్ యూజర్‌తో చూడండి.

హెచ్‌టీటీపీఎస్ ఉంటే హ్యాషింగ్ ఎందుకు? లేదా బ్రౌజర్‌లోనే హ్యాష్ చేసి పంపితే హెచ్‌టీటీపీఎస్ ఎందుకు?

రెండూ కావాలి. హెచ్‌టీటీపీఎస్ దారిలో కాపాడుతుంది, హ్యాషింగ్ సర్వర్‌లో కాపాడుతుంది. బేసిక్ అథెంటికేషన్‌లో పాస్‌వర్డ్ బేస్64లో వెళ్తుంది. అది ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా చదవొచ్చు. హెచ్‌టీటీపీఎస్ లేకుండా బస్టాండ్ వైఫై మీద లాగిన్ అయితే పాస్‌వర్డ్ అందరి ముందూ పెట్టినట్టే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్‌కు పైసా ఖర్చు లేదు. తనంతట రెన్యూ అయ్యేలా సర్ట్‌బాట్ పెట్టుకుంటే చాలు.

బ్రౌజర్‌లో మాత్రమే హ్యాష్ చేసి, సర్వర్ దాన్ని నేరుగా డేటాబేస్‌తో పోల్చుకుంటే ఆ హ్యాషే పాస్‌వర్డ్ అయిపోతుంది. డేటాబేస్ కొట్టేసినవాడు అందులో ఉన్నది ఉన్నట్టే పంపి లోపలికి వస్తాడు.

డేటాబేస్ నిండా పాత ఎండీ5లే ఉన్నాయి. అందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమంటే గొడవ చేస్తారు. ఎలా?

ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఒక రాత్రిలో మార్చొచ్చు. ఉన్న ప్రతి ఎండీ5 హ్యాష్‌నూ తీసుకుని దాని మీద బీక్రిప్ట్ వెయ్యండి, ఆ ఫలితాన్ని దాచి పాత ఎండీ5 గడిని తీసెయ్యండి. పక్కన ఇది పాత రకం అని ఒక గుర్తు పెట్టండి. ఆ యూజర్ వచ్చినప్పుడు, అతను కొట్టిన పాస్‌వర్డ్‌ను ముందు ఎండీ5 చేసి, దాన్ని బీక్రిప్ట్‌తో సరిచూడండి. సరిపోయిందంటే అసలు పాస్‌వర్డ్ ఆ క్షణంలో మీ చేతిలో ఉంటుంది. దాన్ని నేరుగా బీక్రిప్ట్ చేసి కొత్త హ్యాష్ రాసి, పాత గుర్తు తీసెయ్యండి. ఎండీ5 ఫలితాన్ని మామూలు అక్షరాల రూపంలోనే బీక్రిప్ట్‌కు ఇవ్వండి. ముడి బైట్లుగా ఇస్తే మధ్యలో సున్నా బైట్ వచ్చినప్పుడు చాలా లైబ్రరీల్లో మిగతాదంతా లెక్కలోకి రాదు.

లాగిన్ అయినవాళ్లవి మాత్రమే మార్చి, రానివాళ్ల ఎండీ5లు అలాగే వదిలేసే పద్ధతి నాకు నచ్చదు. రెండేళ్లుగా రాని రైతు పాస్‌వర్డ్ కూడా పాస్‌వర్డే.

పాత హ్యాష్ ఇంకెక్కడా మిగలకుండా చూడండి. 2015లో యాష్లీ మాడిసన్ సైట్ పాస్‌వర్డ్‌లకు కాస్ట్ 12 బీక్రిప్ట్ ఉంది. కానీ అదే డేటాబేస్‌లో లాగిన్ టోకెన్ల కోసమని పాస్‌వర్డ్‌తో కలిపి చేసిన ఎండీ5లు మరో గడిలో ఉన్నాయి. వాటి మీదుగా కోటి పది లక్షల పాస్‌వర్డ్‌లు విప్పేశారు. పాత బ్యాకప్‌లు, ఎక్సెల్‌లోకి ఎగుమతి చేసిన జాబితాలు, వెబ్ ఫోల్డర్‌లో మరిచిపోయిన జిప్ ఫైళ్లు వెతికి తీసెయ్యండి.

తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకోనివ్వొచ్చా?

తప్పకుండా ఇవ్వాలి. మన భాషలో గుర్తుంచుకునే హక్కు యూజర్‌కు ఉంది. కాకపోతే డెవలపర్ మూడు సంగతులు చూసుకోవాలి, ఇంగ్లీషులోనే టెస్ట్ చేసేవాళ్లకు ఇవి ఎప్పటికీ కనిపించవు.

మొదటిది పొడవు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. బీక్రిప్ట్ మొదటి 72 బైట్లే చూస్తుంది, చాలా లైబ్రరీలు ఆ పైది మాట్లాడకుండా వదిలేస్తాయి. "నెల్లూరు" అనే మాటలో 8 గుర్తులు, అంటే 24 బైట్లు. వరసగా మూడుసార్లు రాస్తే సరిగ్గా 72 నిండుతుంది. ఆ తర్వాత యూజర్ ఏం రాసుకున్నా లెక్కలోకి రాదు. ఇంగ్లీషులో 72 అక్షరాలు ఎవరూ కొట్టరు కానీ తెలుగులో 24 గుర్తులంటే నాలుగు మాటల వాక్యం. ఈ 72 పరిమితి పెద్దవాళ్లనూ ఇబ్బంది పెట్టింది. లాగిన్ సేవలు అందించే ఆక్టా సంస్థ యూజర్ ఐడీ, యూజర్ పేరు, పాస్‌వర్డ్ కలిపి ఒక బీక్రిప్ట్ కీ చేసేది. పేరు 52 అక్షరాలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి పోగలిగే పరిస్థితులు ఉన్నాయని 2024లో వాళ్లే ప్రకటించారు. ఆర్గాన్2ఐడీకి ఈ బాధ లేదు. బీక్రిప్టే వాడాలంటే ముందు షా-384 చేసి, బేస్64లో 64 అక్షరాలుగా మార్చి ఇవ్వొచ్చు.

రెండోది ఒకేలా కనిపించే వేర్వేరు రాతలు. "మైపాడు"లో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద ఐత్వపు తోక పెట్టి రెండు గుర్తులుగానూ రాయొచ్చు. కంటికి తేడా లేదు, హ్యాష్‌కు పూర్తిగా తేడా. ఫోన్‌లో పెట్టిన పాస్‌వర్డ్ ఆఫీసు కంప్యూటర్‌లో పనిచెయ్యకపోవడానికి ఇలాంటిది ఒక కారణం. రిజిస్ట్రేషన్‌లోనూ లాగిన్‌లోనూ హ్యాష్ చేసేముందు ఒకే రకమైన యూనికోడ్ నార్మలైజేషన్, అంటే ఎన్ఎఫ్‌సీ, చేస్తే ఈ చిక్కు పోతుంది. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు చేర్చే కంటికి కనిపించని జాయినర్ గుర్తులు మాత్రం ఎన్ఎఫ్‌సీతో పోవు. మాట చివర ఉన్నవాటిని రెండు చోట్లా మీరే తీసెయ్యండి.

మూడోది కనీస పొడవు లెక్క. మైపాడు చూడటానికి మూడు అక్షరాలు, గుర్తులు ఆరు, బైట్లు 18. బైట్లు లెక్కపెట్టే కోడ్ దాన్ని పొడవైన పాస్‌వర్డ్ అనుకుని వదిలేస్తుంది. గుర్తులు లెక్కపెట్టండి.

"పిల్లలకు పుట్టినతేదీయే పాస్‌వర్డ్ ఇచ్చాం. వాళ్లకు గుర్తుంటుందని."

దీనికి ఏ హ్యాషింగూ సాయం చెయ్యలేదు. ఇంటర్ పిల్లలు మూడేళ్ల తేడాలో పుట్టినవాళ్లు, అంటే 1,100 తేదీలు. బీక్రిప్ట్ కాస్ట్ 12 మీద కూడా పైన చెప్పిన కార్డుకు ఒక్కొక్కరికి సెకను పట్టదు. అసలు డేటాబేస్ దొంగతనం కూడా అక్కర్లేదు. పక్క బెంచీ పిల్లాడికి ఆ తేదీ తెలుసు.

ఒక్కొక్కరికీ వేరుగా యాదృచ్ఛికమైన తాత్కాలిక పాస్‌వర్డ్ ఇచ్చి, మొదటి లాగిన్‌లోనే మార్పించండి. ఆడపిల్లల ఫోన్ నంబర్లు, చిరునామాలు ఆ పేజీల్లో ఉంటాయి. కాలేజీ యాజమాన్యాలు ఈ ఒక్క మార్పు ఈ ఏడాదే చెయ్యాలని నా వేడుకోలు.

"మర్చిపోయినవాళ్లకు పాత పాస్‌వర్డ్ ఎస్ఎంఎస్‌లో పంపే ఆప్షన్ పెట్టమంటున్నారు."

అది పెట్టగలిగారంటే పాస్‌వర్డ్ మీ దగ్గర అసలు రూపంలో ఉన్నట్టే. పంపాల్సింది రీసెట్ లింకు. ఊహించలేని పొడవైన టోకెన్ పుట్టించి, అరగంటలో చెల్లిపోయేలా, ఒక్కసారే పనిచేసేలా పెట్టండి. ఆ టోకెన్‌ను కూడా డేటాబేస్‌లో హ్యాష్ చేసే దాచండి. ఇక్కడ షా-256 చాలు, ఎందుకంటే 128 బిట్ల యాదృచ్ఛిక టోకెన్‌ను ఎంత వేగంగా ఊహించినా దొరకదు. మనుషులు ఎంచుకున్న మాటలకే నెమ్మదైన హ్యాష్ అవసరం.

కోడ్ చదవడం రాని యజమానులకు ఇదే మంచి పరీక్ష. మీ సైట్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కండి. పాత పాస్‌వర్డ్ మీ ఫోన్‌కు వచ్చిందంటే ఆ రోజే డెవలపర్‌ను పిలవండి.

పెప్పర్ కూడా వెయ్యాలా?

వేస్తే మంచిదే. డేటాబేస్‌లో కాకుండా బయట దాచిన ఒక రహస్య కీతో అదనంగా హెచ్‌మ్యాక్ (కీ కలిపి చేసే హ్యాష్) చెయ్యడం అది. డేటాబేస్ ఒక్కటే పోయిన సందర్భంలో పనికొస్తుంది. ఆ కీ పోగొట్టుకుంటే మాత్రం ఎవరూ లాగిన్ కాలేరు. బ్యాకప్ క్రమశిక్షణ లేని చోట నేను సిఫారసు చెయ్యను.

హ్యాషింగ్ సరిగ్గా ఉన్నా పాస్‌వర్డ్‌లు ఎక్కడ కారిపోతాయి?

లాగుల్లో, అంటే సర్వర్ జరిగినదంతా రాసుకునే ఫైళ్లలో. 2018లో ట్విట్టర్ దాదాపు 33 కోట్ల మంది యూజర్లను పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. వాళ్లు బీక్రిప్టే వాడుతున్నారు. హ్యాష్ చెయ్యడానికి ముందే పాస్‌వర్డ్‌లు ఒక అంతర్గత లాగులో పడుతున్నాయని కనిపెట్టి అలా కోరారు. మీ సైట్‌లో లాగిన్ ఫారం గెట్ పద్ధతిలో ఉంటే పాస్‌వర్డ్ అడ్రస్‌లోకి, అక్కడి నుంచి యాక్సెస్ లాగులోకి వెళ్తుంది. డీబగ్ కోసం వచ్చినదంతా ఫైల్లో రాసే లైన్ ఒకటి ఎక్కడో మిగిలిపోయి ఉంటుంది. ఒక టెస్ట్ యూజర్‌కు విచిత్రమైన పాస్‌వర్డ్ పెట్టి, లాగిన్ అయ్యి, సర్వర్ అంతా ఆ మాట కోసం గ్రెప్ కమాండ్‌తో వెతకండి.

90 రోజులకోసారి మార్పించాలా?

వద్దు. విసిగిపోయి చివర అంకె పెంచుతారు, అంతే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 నుంచే దీన్ని వద్దంటోంది. లీక్ అయినట్టు ఆధారం ఉంటేనే మార్పించమంటుంది. దానికి బదులు పొడవు అడగండి. ఇదివరకే లీకైన పాస్‌వర్డ్‌లను రిజిస్ట్రేషన్‌లోనే తిరస్కరించండి. హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సేవకు షా-1 హ్యాష్‌లోని మొదటి ఐదు అక్షరాలు పంపితే చాలు, పాస్‌వర్డ్ బయటికి వెళ్లకుండానే తేల్చుకోవచ్చు.

లీక్ అయిందని తెలిస్తే చట్టప్రకారం ఏం చెయ్యాలి?

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, అందులో చెప్పిన రకం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోగా వాళ్లకు తెలియజెయ్యాలి, లాగులు 180 రోజులు ఉంచాలి. ఇది కంపెనీలకూ వర్తిస్తుంది. మన ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నియమాలు పాస్‌వర్డ్‌ను సున్నితమైన వ్యక్తిగత సమాచారంలో చేర్చాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంది.

అంతకన్నా ముందు యూజర్లకు చెప్పండి. ఇదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడ కూడా మార్చుకోమని తెలుగులో, సూటిగా మెసేజ్ పంపండి. పరువు పోతుందని వారం ఆగితే ఆ వారంలోనే వాళ్ల జీమెయిల్‌లు పోతాయి.

లాగిన్ తప్పినప్పుడు ఏమని చూపించాలి?

యూజర్ పేరు గానీ పాస్‌వర్డ్ గానీ సరికాదు అని ఒకే వాక్యం. యూజర్ లేడు అని విడిగా చెప్తే ఎవరెవరికి ఖాతాలున్నాయో బయటపడుతుంది. లేని యూజర్ విషయంలోనూ ఒక డమ్మీ హ్యాష్‌ను సరిచూడండి, లేకపోతే జవాబు త్వరగా వచ్చేయడాన్ని బట్టి ఆ పేరు లేదని కనిపెడతారు. ఖాతాకూ ఐపీకీ విడివిడిగా ప్రయత్నాల పరిమితి పెట్టండి. ఐపీ పరిమితి మరీ బిగించొద్దు, కాలేజీ ల్యాబ్‌లో పిల్లలందరూ ఒకే ఐపీ నుంచి వస్తారు.